కొత్త కోడిపిల్లను పాత కోళ్లలో కలపడం ఎట్టా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది పెరట్లో నాలుగైదు నుంచి పాతిక దాకా కోళ్లు పెంచుకునే వాళ్ల కోసం రాసింది. షెడ్లు వేసి వేలల్లో పెంచే వాళ్ల లెక్క వేరు, వాళ్లు ఒకే వయసు పిల్లల్ని ఒకేసారి దింపుతారు, ఒకేసారి ఎత్తేస్తారు, కాబట్టి వాళ్లకు ఈ తలనొప్పే లేదు. మన నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్లలో అట్టా కాదు. సంతలో నచ్చి కొన్నది ఒకటి, మేనత్త గంపలో పెట్టి పంపింది ఒకటి, పొదుగులో మిగిలి బతికింది ఒకటి, ఇట్టా తలా ఒక వయసుది వచ్చి చేరుతుంది. గొడవంతా అక్కడే మొదలు.

మా పెట్టలు మామూలుగా చాలా సాధువులు. కొత్త పిల్ల కనపడగానే ఎందుకు మీద పడతాయి?

కోళ్లకు వాటిలో వాటికి ఒక వరస ఉంటుంది. మేత దగ్గరికి ఎవరు ముందు రావాలి, రాత్రి పై కర్ర ఎవరిది, మంచి నీడ ఎవరిది, అన్నీ ఆ వరస ప్రకారమే. థొర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బె అనే నార్వే ఆయన చిన్నప్పటి నుంచి కోళ్లను చూస్తూ పెరిగి, 1920ల మొదట్లో ఈ పొడుపు వరస గురించి మొదటిసారి వివరంగా రాశాడు. మన అమ్మమ్మలకు ఇది ఆయన చెప్పకముందే తెలుసులెండి. కొత్తది వచ్చిందంటే వరస చెదురుతుంది, దాని చోటేదో తేలేదాకా పొడుపులు తప్పవు.

ఇంకో సంగతి గమనించండి. ఎక్కువ పొడిచేది అన్నిటికన్నా పెద్ద పెట్ట కాదు. అది ఒకసారి ముక్కుతో తట్టి తన పని తాను చూసుకుంటుంది. వరసలో అడుగున ఉండి ఇన్నాళ్లూ అందరితో దెబ్బలు తిన్నది ఉంటుంది చూడండి, అది వదలదు. బస్సులో అప్పుడే సీటు దొరికిన వాడు తర్వాతి స్టాపులో ఎక్కేవాళ్ల మీద ఎక్కువ విసుక్కుంటాడే, అదే బుద్ధి. అందుకని ఏ కోడి మీద కన్నేసి ఉంచాలో ముందే తెలుసుకోవాలంటే, కలపకముందు రెండు రోజులు మేత వేసేటప్పుడు ఊరికే నిలబడి చూడండి, ఎవరు ఎవర్ని తోస్తున్నారో తెలిసిపోతుంది.

ఏ వయసులో కలపొచ్చు?

వయసు కన్నా సైజు ముఖ్యం. పాత కోళ్లలో చిన్నదానికి కనీసం మూడింట రెండు వంతుల సైజు వచ్చేదాకా పూర్తిగా కలపొద్దు. ఎక్కువ పిల్లలకు అది 10, 12 వారాల మధ్య వస్తుంది. నాటు పిల్లలు నెమ్మదిగా పెరుగుతాయి, వాటికి ఇంకాస్త పట్టొచ్చు. పెరటి కోసం తయారుచేసిన వనరాజా లాంటి రకాలు తొందరగా ఒళ్లు చేస్తాయి, అవి కాస్త ముందే సిద్ధమవుతాయి.

నూగు పోయి ఒంటి నిండా ఈకలు రావడం 5, 6 వారాలకు జరుగుతుంది. అది వచ్చిందని కలిపేసే వాళ్లు చాలామంది. ఈకలొచ్చాయంటే పగలు బయట తిరగడానికి పనికొస్తుందని అర్థం, పెద్ద పెట్ట పొడుపుకు తట్టుకుంటుందని కాదు. అప్పటినుంచి వలకు అవతల పెట్టి చూపించడం మొదలుపెట్టొచ్చు, అంతవరకే. తల్లి వెంట తిరిగే పిల్లల సంగతి పూర్తిగా వేరు, దాని గురించి కింద ఉంది.

ఒక్కటే పిల్ల ఉంది. దాన్నే కలపాలా, ఇంకోటి కొనాలా?

కొనండి. కనీసం ఇంకొకటి, దాదాపు అదే వయసుది. ఒంటరి పిల్ల పది కోళ్ల మధ్యలోకి వెళ్తే ఆ పది కోళ్ల దృష్టీ దాని మీదే ఉంటుంది. రెండు మూడు ఉంటే పొడుపులు పంచుకుంటాయి, ఒకదాన్నొకటి ఆనుకుని పడుకుంటాయి, భయపడ్డా రెండూ కలిసే పారిపోతాయి. పైగా మొదటి రోజుల నుంచి మనుషుల చేతుల్లోనే పెరిగిన ఒంటరి పిల్ల తాను కోడిననే మరిచిపోతుంది, మీ కాళ్ల చుట్టూ తిరుగుతుంది, వంటింట్లోకి వస్తుంది. పిల్లలకు సరదాగానే ఉంటుంది గానీ దాన్ని తర్వాత కోళ్లలో కలపాలంటే మీకు చుక్కలు కనపడతాయి. వాటి భాష దానికి రాదు, పెద్ద పెట్ట మెడ ఈకలు నిక్కబొడిస్తే తప్పుకోవాలని కూడా తెలియదు.

వీధిలో సైకిల్ మీద అమ్మే రంగు పిల్లల్ని తీసుకోవచ్చా?

పిల్లలు ఏడ్చి గోల చేస్తే కొనేస్తాం, అది ఎవరింట్లో అయినా జరిగేదే. కానీ తెలిసి కొనండి. గులాబీ, ఆకుపచ్చ రంగులు వేసి అమ్మేవి ఎక్కువగా గుడ్ల కోళ్ల హేచరీల్లో పక్కన పెట్టిన మగపిల్లలు. గుడ్లు పెట్టే జాతిలో మగదానితో హేచరీకి పనిలేదు, అందుకే అంత చవక. ఎండలో గంటల తరబడి బుట్టలో తిరిగి నీళ్లు లేక వడలిపోయి ఉంటాయి, సగం పిల్లలు వారం దాటడమే కష్టం. బతికినవి పుంజులవుతాయి, ఇంట్లో ఉన్న పుంజుతో మళ్లీ పేచీ. గుడ్ల కోసమైతే ఇవి దండగ.

పెరటికి పిల్లలు కావాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు ఉన్నాయి, పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల రాజశ్రీ ఉంది. లేదంటే ఊళ్లో తెలిసిన వాళ్ల నాటు పిల్లలు, వాటిని మించినవి లేవని నా అభిప్రాయం, మన ఎండకు అవే ఆగుతాయి.

సంతలో కొన్న పిల్లను అదే రోజు గూట్లో వదలొచ్చా?

వద్దు. చూడటానికి బాగున్నా సరే వద్దు. 2 నుంచి 4 వారాలు విడిగా ఉంచండి. ఇంటికి అవతలి వైపు, గాలి కూడా ఇటు కొట్టని చోటైతే మరీ మంచిది. ముందు పాత కోళ్లకు మేత వేసి, తర్వాతే కొత్త వాటి దగ్గరికి వెళ్లండి, తిరగేసి చేయొద్దు. చెప్పులు, నీళ్ల డబ్బా వేరుగా ఉంచుకోండి.

ఆ రోజుల్లో చూడాల్సినవి: ముక్కు కారడం, గురక లాంటి చప్పుడు, కళ్లు వాయడం, ఆకుపచ్చ రెట్ట లేదా రక్తపు రెట్ట, రెక్కలు వేలాడేసి ఒక మూల ముడుచుకోవడం. తల మీద, రెక్కల కింద ఈకలు విడదీసి పేలు ఉన్నాయేమో చూడండి, ముడ్డి దగ్గర రెట్ట అంటుకుని గట్టిపడిందేమో చూడండి. చిన్నపిల్లల్లో అట్టా మూసుకుపోతే చచ్చిపోతాయి, గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి మెల్లగా తుడవాలి, పీకకూడదు.

ఇది రెండు వైపులా పనిచేసే విషయం అని చాలామందికి తట్టదు. మీ పాత కోళ్లకు అలవాటైపోయి పైకి కనపడని రోగాలు కొత్త పిల్లకు అంటుతాయి. ముఖ్యంగా రక్తపు రెట్టలు వచ్చే కాక్సీడియోసిస్. పెద్ద కోళ్లు దాన్ని తట్టుకుని తిరుగుతుంటాయి, వాటి రెట్టలో ఆ క్రిములు ఉంటాయి, నేల తడిగా ఉంటే పిల్ల కొద్ది రోజుల్లోనే కూలబడుతుంది. గూట్లో పరిచిన ఊక పొడిగా ఉంచడమే సగం మందు. వచ్చాక అయితే నీళ్లలో కలిపే ఆంప్రోలియం ఉంది, ఎంత కలపాలో పశువుల డాక్టర్ని అడిగి వాడండి.

టీకాలు వేయించకుండా కలిపితే ఏమవుతుంది?

కొక్కెర తెగులు వస్తే ఏమవుతుందో మన ఊళ్లలో తెలియని ఇల్లు లేదు, వారంలో గూడు ఖాళీ. ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్ అనే ఊరి పేరుతో దీన్ని రాణిఖేత్ వ్యాధి అంటారు. దీనికి మందు లేదు, ముందు జాగ్రత్త ఒక్కటే.

మామూలు పద్ధతి ఇదీ. 5 నుంచి 7 రోజుల వయసులో ఎఫ్1 లేదా లసోటా అనే టీకా చుక్క కంట్లో గానీ ముక్కులో గానీ, నాలుగో వారంలో లసోటా మళ్లీ, 6 నుంచి 8 వారాల మధ్య ఆర్2బి అనే టీకా ఇంజెక్షన్ రెక్క కింద. కోళ్ల మశూచి టీకా కూడా ఇంచుమించు ఆ వయసులోనే. పాత కోళ్లలోకి వదిలేది ఆర్2బి అయ్యాక కనీసం రెండు వారాలకు పెట్టుకుంటే సైజూ వస్తుంది, టీకా బలమూ వస్తుంది, రెండు పనులూ ఒకే దెబ్బకు.

ఒక చిక్కుంది. ఆర్2బి సీసా వంద కోళ్లకు సరిపడా వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, ఐసులో ఉంచాలి. నాలుగు కోళ్ల కోసం సీసా తెరవమంటే ఆస్పత్రిలో కూడా ఇబ్బందే. అందుకని వీధిలో నలుగురైదుగురు కలిసి ఒకేరోజు వేయించుకోండి, పక్కింటి కోళ్లకు లేకపోతే మీ కోళ్లకు వేయించి కూడా సగం లాభమే. మండల పశువైద్యశాలలో గానీ రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుల దగ్గర గానీ అడిగితే రోజు చెబుతారు.

సరే, టీకాలయ్యాయి, సైజొచ్చింది. ఇప్పుడు కలిపేది ఎట్టా?

కనపడాలి, అందకూడదు. ఇదొక్కటి పట్టుకుంటే మిగతాదంతా తేలిక.

పెరట్లో ఒక మూల, పాత కోళ్లు రోజూ తిరిగే చోటే, వల గానీ ఇనుప జాలీ గానీ కట్టి కొత్తవాటిని అందులో ఉంచండి. పాత చేపల వల బాగానే పనిచేస్తుంది, సముద్రం ఒడ్డు ఊళ్లలో ఊరికే దొరుకుతుంది, కాళ్లు చిక్కుకోకుండా బిగించి కట్టండి చాలు. వారం నుంచి రెండు వారాలు అట్టాగే ఉండనివ్వాలి. మొదట్లో పాత పెట్టలు వల దగ్గరికి వచ్చి ముక్కుతో కొడతాయి, మెడలు నిక్కిస్తాయి, రెండు మూడు రోజులకు విసుగొచ్చి వెళ్లిపోతాయి. వలకు అటూ ఇటూ దగ్గరగా మేత వేయండి, పక్కపక్కన తిన్న వాటికి కోపం త్వరగా తగ్గుతుంది. పాత కోళ్లు వల వైపు చూడటం కూడా మానేశాయంటే తర్వాతి పని మొదలుపెట్టొచ్చు.

తర్వాత వల తీయొద్దు, కింద ఒకచోట చిన్న సందు చేయండి. పిల్ల దూరేంత, పెద్ద పెట్ట పట్టనంత. పిల్లలు తమంతట తాము బయటికి వచ్చి, ఎవరైనా తరిమితే మళ్లీ లోపలికి పరిగెడతాయి. ధైర్యం వాటి చేతిలో ఉండాలి, మనం ఎత్తి మధ్యలో పడేయకూడదు. సాయంత్రం గూళ్లలోకి వెళ్లే ముందు ఒక గంట వదలడం మంచి సమయం, అప్పటికి పెద్దవి కడుపు నిండి బద్ధకంగా ఉంటాయి, గొడవ ఎక్కువైనా ఎట్టాగూ చీకటి పడుతుంది. ఆ గంట రోజు రోజుకూ పెంచండి.

పెరట్లో సామాను కూడా కాస్త మార్చండి. బోసిపోయిన నేల మీద పిల్ల దాక్కునే చోటుండదు, పెట్ట కళ్లు ఎప్పుడూ దాని మీదే ఉంటాయి. పాత తలుపు ఒకటి గోడకు చేరగిల వేయండి, కొబ్బరి మట్టలు అడ్డంగా పడేయండి, పగిలిన కుండ, తాటాకులు, ఏదైనా సరే. రెండు వైపులా దారి ఉండాలి, ఒక్క దారే ఉంటే లోపల ఇరుక్కుని తన్నులు తింటుంది. మేత పళ్లేలు, నీళ్ల చట్లు కనీసం రెండు మూడు చోట్ల, ఒకదాని నుంచి ఇంకోటి కనపడనంత దూరంలో పెట్టండి. నా లెక్కలో కోళ్ల గొడవలు ఎక్కువ భాగం ఒకే పళ్లెం వల్ల వచ్చేవే.

వల కట్టే చోటు లేదు, చిన్న ఇల్లు. వేరే దారి ఉందా?

గంప ఉంది కదా. వెదురుది గానీ ఈతాకుది గానీ పెద్ద గంప తీసుకుని నాలుగు వైపులా ఇటుకలు పెట్టి వాటి మీద బోర్లించండి. ఇటుక ఎత్తు సందులోంచి చిన్నపిల్లలు లోపలికీ బయటికీ తిరుగుతాయి, పెద్దవి దూరలేవు. పిల్లల మేత, నీళ్లు గంప కిందే పెట్టండి. ఖర్చు సున్నా, చోటు కొంచెం. పిల్లలు ఎదిగేకొద్దీ ఇంకో ఇటుక పేర్చుకుంటూ పోవాలి. గాలికి కదలకుండా పైన బరువు పెట్టడం మరవొద్దు, మా వైపు ఆషాఢం గాలికి గంపలు వీధి చివర తేలతాయి.

రాత్రి చీకట్లో గూట్లో పెట్టేస్తే పొద్దునకు కలిసిపోతాయంటారు. నిజమేనా?

సగం నిజం. కోళ్లకు చీకట్లో సరిగ్గా కనపడదు, కదలవు, కాబట్టి రాత్రి గొడవ ఉండదు. తెల్లారి లేచి చూసుకుంటే కొత్తది కొత్తదే, గూడు ఇరుకు, తలుపు వేసి ఉంది, పిల్లకు పారిపోయే దారి లేదు. ఆరింటికి లేచే అలవాటున్న వాళ్లు వెళ్లి చూసేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. పగటి పూట వలకు అవతల పరిచయం అయ్యాక, చివరి మెట్టుగా రాత్రి గూట్లో పెడితే బాగా పనిచేస్తుంది. మొదటి నాలుగైదు రోజులు కోడి కూయగానే లేచి తలుపు తీయండి.

పొదుగుకు కూర్చున్న పెట్ట కింద కొన్న పిల్లను పెడితే ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటే అంతకు మించిన పద్ధతి లేదు. వల, గంప, వెచ్చదనానికి బల్బు ఏమీ అక్కర్లేదు, అన్నీ తల్లే చూసుకుంటుంది. తన పిల్ల వైపు ఏ పెట్టయినా మెడ చాచిందంటే తల్లి దాని అంతు చూస్తుంది, వరసలో పెద్ద పెట్ట కూడా పిల్లల తల్లి జోలికి పోదు. అట్టా తల్లి వెనక పెరిగిన పిల్లలకు మందలో చోటు దానంతట అదే వస్తుంది.

కానీ దానికి వేళ ఉంది. పెట్ట కూర్చుని దాదాపు 21 రోజులు అయి ఉండాలి, దాని కింద గుడ్లు పిల్లలయ్యే సమయం కావాలి. నిన్న కూర్చున్న పెట్టకు ఇవాళ పిల్లను ఇస్తే దానికి అర్థం కాదు. పిల్ల వయసు ఒకటి రెండు రోజులు, మహా అయితే మూడు. అంతకు పైబడినది ఆ పెట్టను తల్లి అనుకోదు, బయటికి పరిగెడుతుంది, పెట్ట దాన్ని పరాయిదనుకుని పొడుస్తుంది. రాత్రి బాగా చీకటి పడ్డాక, లైటు వేయకుండా, రెక్క కింద చెయ్యి పెట్టి ఒక గుడ్డు తీసి ఒక పిల్లను పెట్టండి. కొక్ కొక్ అని మెల్లగా పలికిందంటే పని అయినట్టే. పొద్దున్నే తప్పనిసరిగా చూడాలి, కొన్ని పెట్టలు వెలుగులో రంగు తేడా చూసి ఒప్పుకోవు. తన పిల్లలు నల్లగా ఉండి, మీరు పెట్టింది పసుపుగా ఉంటే అనుమానమే. తల మీద పొడిస్తే వెంటనే తీసేయండి, రెండోసారి ప్రయత్నం చేయొద్దు.

దీనికి నాటు పెట్టే కావాలి. గుడ్ల కోసం తయారుచేసిన రకాలు పొదుగుకు కూర్చోవడం చాలా తక్కువ, అందుకే తెలివైన వాళ్లు ఏ రకం పెంచినా ఒక నాటు పెట్టను మాత్రం వదులుకోరు.

ఎంత పొడిస్తే ఊరుకోవాలి, ఎప్పుడు విడదీయాలి?

ఒక పొడుపు పొడిచి వదిలేయడం, రెండడుగులు తరమడం, మేత దగ్గర నెట్టేయడం, ఒకటి రెండు ఈకలు ఊడటం, ఇవన్నీ మామూలే. పిల్ల కీచుమన్న ప్రతిసారీ మీరు పరిగెత్తుకెళ్లి ఎత్తుకుంటే ఆ వరస ఎప్పటికీ తేలదు, మీ బీపీ మాత్రం పెరుగుతుంది.

రక్తం కనపడితే, కిందపడేసి పైకెక్కి తల మీదే పొడుస్తుంటే, ఇద్దరు ముగ్గురు కలిసి ఒకదాని మీద పడుతుంటే, పిల్ల మూల నుంచి కదలక రోజంతా మేతకు రాకపోతే, అప్పుడు ఆగొద్దు. విడదీసేటప్పుడు పిల్లను కాదు, పొడిచే పెట్టను తీసి మూడు నాలుగు రోజులు విడిగా గంప కింద ఉంచండి. తిరిగి వచ్చేసరికి అదే కొత్తదవుతుంది, పొగరు సగం దిగుతుంది. పిల్లను తీస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

గాయమైంది. ఏం రాయాలి?

ఎర్రగా ఏది కనపడినా కోళ్లు పొడుస్తాయి, చుట్టూ ఉన్నవన్నీ వచ్చి పొడుస్తాయి, కాబట్టి ముందు విడదీయండి. ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, పసుపు వేపనూనెలో కలిపి రాయండి. వేపనూనె వాసనకు ఈగలు వాలవు, లేకపోతే రెండు రోజుల్లో పుండులో పురుగు పడుతుంది. మెడికల్ షాపులో దొరికే ఊదారంగు జెన్షన్ వయొలెట్ రాస్తే ఎరుపు కనపడకుండా పోతుంది, అది ఇంకా మంచిది. పుండు పూర్తిగా ఆరి పైన ఈక మొలకెత్తాకే తిరిగి కలపాలి. కన్ను దెబ్బతింటే, లేదా లోతుగా ఉంటే డాక్టర్ దగ్గరికే. 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం గురించి కూడా అడగొచ్చు.

పెద్దవాటి మేత పిల్ల తింటే పర్వాలేదా?

మీరు గుడ్ల కోళ్లకు కొనే లేయర్ మేత పెడుతుంటే పర్వాలేదు అనుకోవద్దు. అందులో గుడ్డు పెంకు కోసం కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, పిల్లకు కావాల్సింది 1 శాతం చుట్టూ. వారాల తరబడి తింటే పిల్ల మూత్రపిండాలు పాడవుతాయి. గుడ్డుకు వచ్చే వయసు దగ్గరపడేదాకా, అంటే కనీసం 16 నుంచి 18 వారాల దాకా అది పెట్టకూడదు. రెండు రకాల మేత పెట్టి ఎవరు ఏది తింటున్నారో కాపలా కాయడం జరిగే పని కాదు. అన్నిటికీ ఎదిగే పిల్లలకు ఇచ్చే గ్రోయర్ మేత పెట్టేయండి, పెట్టల కోసం ఆల్చిప్పలు దంచి వేరే చిప్పలో ఉంచండి. కావలసిన పెట్ట వచ్చి తింటుంది, పిల్లలు దాని జోలికి పెద్దగా పోవు. సముద్రం ఒడ్డున ఏరుకొచ్చిన చిప్పలైతే మంచినీళ్లలో బాగా కడిగి ఎండబెట్టి దంచాలి.

మొదటి వారాల్లో పిల్లకు మాంసకృత్తులు 20 శాతం దాకా ఉండే మేత కావాలి. నూకలు, తవుడు మాత్రమే వేసి పెంచితే పిల్ల బతుకుతుంది గానీ ఎదగదు, సైజు రాక కలపడం వెనకబడుతూ ఉంటుంది. చెదలు దొరికితే వాటికి పండగే. పడమటి ప్రకాశం వైపు జొన్న, సజ్జ పిండి తడిపి పెడతారు, దానికి కొంచెం వేరుశనగ చెక్క కలిపితే బలం.

రొయ్యల పొట్టు, ఎండుచేపలు పెట్టొచ్చా?

ఉప్పు పట్టించని ఎండు రొయ్యపొట్టు కొంచెం కొంచెంగా బాగా పనికొస్తుంది. ఉప్పుచేప మాత్రం పిల్లలకు వద్దు, ఉప్పు ఎక్కువైతే వాటికి విషమే, నీళ్లు తాగి తాగి విరేచనాలై పడిపోతాయి. చేపలు ఎక్కువ పెడితే గుడ్డుకు నీచు వాసన కూడా వస్తుంది.

పుంజు పిల్లల్ని చంపేస్తుందని భయం.

చాలా పుంజులు పిల్లల్ని పట్టించుకోవు, కొన్ని అయితే పెట్టల గొడవలో మధ్యకు వచ్చి నిలబడతాయి కూడా. ఇబ్బంది పుంజుపిల్ల ఎదిగి కూత పట్టాక వస్తుంది. అప్పుడు పాత పుంజు ఊరుకోదు. పది పెట్టలకు ఒక పుంజు చాలు, రెండోదాన్ని ఏం చేయాలో సంక్రాంతికి ముందే ఆలోచించుకోండి.

మాది పందెం జాతి. దానికీ ఇదే పద్ధతా?

అసీల్ రక్తం ఉన్నవాటిని మామూలు కోళ్ల లెక్కలో చూడొద్దు. డేగ, కాకి, నెమలి, రంగేదైనా సరే, పిల్లలుగా ఉన్నప్పుడే వాటిలో అవి కొట్టుకుంటాయి, తగ్గవు. పెట్టలు కూడా అంతే. మామూలు కోడి ఓడిపోయాక తల దించి తప్పుకుంటుంది, కథ అయిపోతుంది. వీటికి ఆ తగ్గే బుద్ధి తక్కువ. పెద్ద అసీల్ పెట్టలున్న చోట బయటి పిల్లను కలపకండి, విడిగా పెంచుకోండి. తల్లి అసీల్ అయి పిల్లల్ని తానే పొదిగితే మాత్రం దానంత గట్టి తల్లి ఉండదు, ముంగిస మీదికి కూడా దూకుతుంది.

ఏ కాలంలో మొదలుపెడితే మంచిది?

మన వైపు వానలు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, తుపాన్లూ అప్పుడే. ఆ నెలల్లో నేల తడి, గూడు తడి, రక్తపు రెట్టలు. చిన్నపిల్లల్ని ఆ మధ్యలో నేల మీదికి దించకండి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కూడా కలపొద్దు, వడకే చచ్చే రోజుల్లో తరుముళ్లు కూడా తోడైతే పిల్ల నోరు తెరుచుకుని పడిపోతుంది. సంక్రాంతి దాటాక పిల్లల్ని తెచ్చి, ఎండలు ముదరక ముందే కలిపేయడం నాకు నచ్చిన లెక్క.

వెచ్చదనం గురించి ఒక్క మాట. తల్లి లేని పిల్లకు మొదటి వారం 35 డిగ్రీలు కావాలి, వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. మే నెలలో మన వాతావరణమే అంతకు మించి ఉంటుంది, పగలు బల్బు వేస్తే ఉడికిపోతాయి. పిల్లలన్నీ బల్బు కింద గుంపైతే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి. థర్మామీటర్ కన్నా వాటినే చూడండి. నీళ్ల చట్టిలో గులకరాళ్లు వేయండి, లోతు ఉంటే మునిగి చచ్చిపోతాయి.

కలిశాక గద్దలు, ముంగిసల సంగతి?

పెద్ద కోళ్లతో తిరగడం వల్ల ఒక లాభం ఉంది. గద్ద నీడ పడగానే పుంజు కేక వేస్తుంది, అన్నీ చెట్టు కిందికి ఉరుకుతాయి, పిల్లలు చూసి నేర్చుకుంటాయి. ఆరుబయట మామిడి చెట్టో వేప చెట్టో ఉన్న పెరడు ఇందుకే మంచిది. రాత్రి గూటికి సందులు లేకుండా చూసుకోండి, బావురు పిల్లి, పందికొక్కు, పాము, ఎవరి దారి వాళ్లది. పిల్ల దూరగలిగే సందులోంచి ముంగిసైనా పందికొక్కైనా సులువుగా దూరుతుంది, కాబట్టి పగలు చేసిన ఆ సందు చీకటి పడగానే మూసేయాలి.

బర్డ్ ఫ్లూ వార్తలు వస్తున్నప్పుడు కొత్త పిల్లను తేవచ్చా?

తేకండి. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు చనిపోతే భోపాల్ ల్యాబ్‌లో బర్డ్ ఫ్లూ అని తేలింది, చుట్టుపక్కల కోళ్ల రవాణా ఆపేశారు. అట్టాంటప్పుడు సంతలో అమ్మకానికి వచ్చేవి ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరికీ తెలియదు, చవకగా ఇస్తున్నారంటే ఇంకా అనుమానించాలి. చలికాలంలో వలస పక్షులు వచ్చే చెరువుల దగ్గర ఇళ్లున్న వాళ్లు కోళ్లను ఆ నీళ్ల వైపు పోనివ్వకుండా చూసుకోవాలి. ఒకేసారి చాలా కోళ్లు చనిపోతే చేత్తో ముట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పండి.

నెల దాటినా ఒక పెట్ట పిల్లను వదలడం లేదు.

చోటు చాలకపోతే అట్టా జరుగుతుంది, ముందు అది చూడండి. గూట్లో ఒక్కో కోడికి సుమారు 4 చదరపు అడుగులైనా ఉండాలి, బయట తిరిగే చోటు అంతకు రెండింతలు. చోటుండీ వదలకపోతే ఆ పెట్ట స్వభావమే అంత. ఇలాంటిది ఒకటుంటే ఎవరికైనా ఇచ్చేయడమో కూరకు పెట్టడమో చేస్తారు, అందులో తప్పేం లేదు. ఒక్క పెట్ట కోసం ప్రతి ఏడూ కొత్త పిల్లల్ని పోగొట్టుకోవడం ఏ లెక్కా కాదు.

కొత్త పెట్టపిల్ల గుడ్డుకు వచ్చేటప్పుడు మళ్లీ గొడవ అవుతుందా?

కొంచెం అవుతుంది. ఐదారు నెలలకు తురాయి ఎర్రబడి, గుడ్డు పెట్టే చోటు వెతుక్కుంటూ తిరుగుతుంది, అప్పుడు పాత పెట్టలు తమ బుట్ట దగ్గరికి రానివ్వవు. నాలుగు పెట్టలకు ఒక బుట్ట చొప్పున చీకటిగా ఉండే మూలల్లో పెట్టండి, కొత్తదాని కోసం ఒకటి దూరంగా ఉంచి అందులో ఒక ఉత్తుత్తి గుడ్డు వేయండి. అది లేకపోతే గుడ్లు గడ్డివామిలోనో పక్కింటి పెరట్లోనో పెట్టి వస్తుంది, పక్కింటి వాళ్లు చెప్పరు.